బెంగళూరు నుంచి లేపాక్షికి సైకిళ్ల మీద, టెంట్లతో: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

రెండుచక్రాలు:
మేము నలుగురం, మారతహళ్లిలో ఒకే ఆఫీసు. డిసెంబరులో ఒక శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరి యలహంక, దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా లేపాక్షి వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగి రావాలని ఉంది. మాకు ఒకవైపే 130 కిలోమీటర్ల దాకా వస్తోంది. రోజుకు 90 తొక్కే అలవాటు ఉంది కాబట్టి దాని గురించి భయం లేదు. రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే టెన్షన్. టెంట్లు రెండున్నాయి కానీ ఇంతవరకు మేడ మీద తప్ప ఎక్కడా వేసింది లేదు.

పినాకిని:
హిందూపురం మా అమ్మవాళ్ల ఊరు. ఈ దారిలో మూడుసార్లు తొక్కాను. చీకటి పడ్డాక చోటు వెతక్కండి తమ్ముడూ. సాయంత్రం నాలుగున్నరకే ఊళ్లోకి వెళ్లి మనుషుల్ని అడగండి. మొదటిసారి మేం ఎవరినీ అడక్కుండా, రోడ్డుకు దూరంగా ఉంది కదా అని ఓ పొలం గట్టున టెంట్ వేశాం. రాత్రి పదకొండుకు ఆరుగురు టార్చిలైట్లు వేసుకుని వచ్చారు. మేం బోరు మోటారు కేబుల్ కోసుకుపోయేవాళ్లం అనుకున్నారు. వాళ్ల తప్పేం లేదు, కేబుల్ పోతే పైరు ఎండిపోతుంది. సంగతి తెలిశాక వాళ్లలో పెద్దాయన "ముందే ఒక మాట చెప్పుంటే బడి వరండాలో పడుకోబెట్టేవాణ్ని కదమ్మా" అన్నాడు.

అప్పటి నుంచి గుడి పూజారినో, బడి పక్క అంగడివాళ్లనో అడుగుతున్నాం. ఒక్కరూ కాదనలేదు. ఆడవాళ్లం ఇద్దరం ఉన్నామని ఒకింట్లో మిద్దె మీద చోటిచ్చి, పొద్దున సంగటి, ఊరిబిండి పెట్టి పంపారు. ఇంకో మాట, గౌరిబిదనూరు వైపు దాదాపు అందరికీ తెలుగు వచ్చు. వచ్చీరాని కన్నడంలో మొదలుపెట్టి ఇబ్బంది పడకండి.

ఆ ఊరు దాటగానే విదురాశ్వత్థం వస్తుంది, తప్పక ఆగండి. నాగశిలలు చూసి వచ్చేస్తారు చాలామంది. 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపింది అక్కడే. స్మారకం దగ్గర కాసేపు కూర్చోండి.

పంక్చర్‌కిట్:
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను సైకిల్ సంగతి చెప్తాను. అటువైపు మీ శత్రువు పల్లేరుకాయ. టెంట్ వేయడానికి సైకిల్‌ను రోడ్డు దింపి పది అడుగులు నడిపిస్తే చాలు, టైరు నిండా అవే. రాత్రి గాలి బాగానే ఉంటుంది, పొద్దున లేచేసరికి రెండు చక్రాలూ నేలకు అంటుకుపోయి ఉంటాయి. అందుకని దిగగానే సైకిల్‌ను భుజాన వేసుకుని మోయండి.

పంక్చరైతే ట్యూబ్ మార్చి ఊరుకోవద్దు. పాత బనీను ముక్కతో టైరు లోపల చుట్టూ తుడవండి. ముల్లు మొన ఉన్నచోట దారం పట్టుకుంటుంది. వేలితో వెతికితే వేలికి గుచ్చుకుంటుంది, నాకు గుచ్చుకుంది కూడా. ఆ మొన తీయకపోతే కొత్త ట్యూబూ గంటలో పోతుంది.

మీ ట్యూబులు ప్రెస్టా వాల్వ్‌వి (గాలి కొట్టే మూతి సన్నగా ఉండేవి) అయితే పల్లెటూరి సైకిల్ షాపు పంపు వాటికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, జేబులో వేసుకోండి.

మదనపల్లెవాసి:
రెండోసారి వెళ్లేటప్పుడు హొసకోటె, కైవారం, చింతామణి మీదుగా మా మదనపల్లె వైపు రండి. కైవారం తాతయ్య తెలుగులోనూ తత్వాలు చెప్పిన యోగి. అక్కడి ఆయన మఠంలో మధ్యాహ్నం భోజనం చేసి, నీడలో గంట నడుం వాల్చి బయల్దేరాం. అంత మంచి మధ్యాహ్నం మళ్లీ దొరకలేదు. ఓపిక మిగిలితే హార్స్‌లీ హిల్స్ ఉంది, సుమారు 1,265 మీటర్ల ఎత్తు. సామాను కింద ఎక్కడైనా పెట్టి ఖాళీ సైకిల్‌తో ఎక్కండి. నేను పన్నెండు కిలోల బరువుతో ఎక్కి, రెండు రోజులు మోకాలు పట్టుకుని కూర్చున్నాను. పైన అడవి ప్రాంతం, మీ ఇష్టానికి టెంట్ వేయకూడదు.

రెండుచక్రాలు:
వెళ్లొచ్చాం! మొదటి రాత్రి విదురాశ్వత్థం దగ్గర ఒక పల్లెలో బడి వరండా ఇచ్చారు. టెంట్లు విప్పనే లేదు. రెండో రాత్రి లేపాక్షి అవతల ఒక రైతును అడిగి చింతతోపు పక్కన వేశాం. చెట్టు కింద వేయనివ్వలేదాయన, వద్దంటే వద్దన్నాడు. మంచు ఎంత కురిసిందంటే బయట పెట్టిన బూట్లు పిండితే నీళ్లొచ్చాయి. ఇకపై బూట్లు లోపలే. పొద్దున ఆయనే బోరు మోటారు వేశాడు. ఆ చలిలో ఐసులా చల్లగా తగులుతాయనుకున్న నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి, భూమి లోపలివి కదా. పైపు కింద నలుగురం అరగంట కూర్చుండిపోయాం.

తిరిగొచ్చేటప్పుడు ఒకడికి మోకాలు నొప్పి. హిందూపురం స్టేషన్లో పార్సిల్ ఆఫీసులో సైకిల్ బుక్ చేసి రైల్లో పంపాం. అలాంటి అవసరం పడితే బండికి గంటన్నర ముందే వెళ్లండి, కాగితాలకు టైం పడుతుంది.

పల్లేరుకాయలు ఏడు తీశాం, బనీను గుడ్డతోనే. జనవరిలో మదనపల్లె దారి అనుకుంటున్నాం. కైవారంలో రాత్రి ఉండాలంటే ఎవరిని అడగాలి అన్నా?