నీటిగీత ఎక్కడ కొట్టాలి? నీళ్లలో చూసా, ఒడ్డున మట్టం పెట్టా?

ఉప్పుటేరు_కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది కాకినాడ. 13 మీటర్ల చెక్క బోటు. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే ఒడ్డెక్కించాం, జూన్ 14 దాటగానే వేటకి పోవాలి. అడుగు గీకించాం, సందుల్లో దూది కూర్పించాం, ఇక రంగే మిగిలింది. గొడవంతా ఇక్కడే. గుల్ల పట్టకుండా అడుగుకి వేసే ఎర్రరంగు ఎక్కడ ఆపాలి, పైన ఎనామిల్ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? ఆ రెంటి హద్దే నీటిగీత. ఏటా పాత గీత మీదే టేపు అంటించేవాళ్లం. ఈసారి కొత్త కుర్రాడు ఉత్సాహం కొద్దీ గీతతో సహా సాండింగ్ కొట్టేశాడు. నేను టీ తాగి వచ్చేసరికి బోటు తిరుపతి వెళ్లొచ్చినట్టు నున్నగా ఉంది. మేస్త్రేమో నీళ్ల పైపుతో మట్టం చూసి కొట్టేద్దాం అంటాడు. మా బాబాయేమో నీళ్లలో చూడకుండా కొట్టిన గీత గీతే కాదంటాడు. ఎవరి మాట వినాలి?

రసమట్టం:
మీ మేస్త్రి మాటే వినండి. సన్నటి గొట్టంలో నీళ్లు పోసి, కాస్త నీలిమందు కలిపి, ఒక కొస ముక్కు దగ్గర, రెండో కొస బోటు చుట్టూ తిప్పుకుంటూ రెండడుగులకో చుక్క పెట్టండి. చుక్కలు కలిపితే గీత. గొట్టంలో గాలి బుడగ మాత్రం ఉండకూడదు, ఒక్క బుడగ ఉన్నా మట్టం తప్పుతుంది. ఇళ్లు కట్టేవాళ్లు వందేళ్లుగా చేస్తున్న పనే ఇది.

సరంగు_వైజాగ్:
ఏటన్నా అది? ఇల్లు కదలదు, బోటు కదులుద్ది. నీ గొట్టం భూమికి మట్టం చెబుద్ది. బోటు నీళ్లలో ఎలా కూకుంటాదో దానికేటి తెలుసు? ఒడ్డు మీద దిమ్మలు ఎలా పేర్చితే అలా ఉంటాది బోటు. ముక్కు కింద దిమ్మ నాలుగంగుళాలు ఎత్తైతే నీ గీత ముక్కు దగ్గర నాలుగంగుళాలు కిందకి పోద్ది. నీళ్లలో దింపినాక చూసుకుంటే ముందు ఎనామిల్ మునిగిపోయి, వెనక ఎర్రరంగు ఎండలో ఎండుతుంటాది.

రసమట్టం:
దిమ్మలు సరిచేసి బోటుని మట్టంగా నిలబెట్టాకే గొట్టం పెట్టాలన్నది నేను వేరే చెప్పాలా?

సరంగు_వైజాగ్:
మట్టంగా అంటే? ఏది మట్టం? అడుగునుండే దూలం కీలా, పైనుండే డెక్కా? మా బోటు నీళ్లలో ఉన్నప్పుడు కూడా ఇంజను బరువుకి వెనక దిగే ఉంటాది. కీల్ని రసమట్టంతో సరిచేస్తే తప్పే.

గీతలూ_రాతలూ:
ఓడల డిజైను పనిలో ఉన్నాను, అడ్డం వస్తున్నందుకు ఏమనుకోకండి. సరంగుగారు పట్టుకున్నది అసలు విషయం. గొట్టం, లేజరు ఏదైనా ఇచ్చేది ఒక సమతలం మాత్రమే. అది బోటులో ఏ ఎత్తున, ఏ వాలులో కూర్చుంటుందో నీళ్లే చెప్పాలి. నీళ్లలో ఉండగా గాలి లేని తెల్లవారుజామున ముక్కు దగ్గర ఒకటి, వెనక అటూ ఇటూ రెండు, కనీసం మూడు చోట్ల అంచు నుంచి నీటిదాకా కొలిచి రాసుకుంటే చాలు. ఒడ్డున ఆ మూడు చుక్కలూ ఒకే మట్టంలోకి వచ్చేలా దిమ్మలు సర్ది, అప్పుడు గొట్టం పెట్టాలి. అంటే మీ ఇద్దరి పనీ కావాలి, ముందు సరంగుగారిది.

పాత గీత పోయిందని బాధపడకండి కూడా. అది నిజం చెబుతుందని ఎవరన్నారు? చెక్క నీళ్లు తాగుతుంది, ఒక ఏడు వలలు లాగే పెద్ద వించి పెడతారు, ఇంకో ఏడు ఐసు గది పెంచుతారు, బోటు బరువెక్కుతూనే ఉంటుంది. పాచి గీత కూడా అంతే. ఒక పక్కే జెట్టీకి ఆనించి కట్టిన బోటుకి రెండు పక్కలా పాచి ఒకేలా పట్టదు.

తాండేలు_గారి_మనవడు:
ఓడల మీద వృత్తం, దాని పక్కన నిచ్చెనలా గీతలు ఉంటాయి కదా, చట్టప్రకారం అది వేయిస్తే సరిపోదా?

గీతలూ_రాతలూ:
అది వేరండి. ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్సాల్ పోరాడగా 1876 చట్టంతో వచ్చిన గుర్తు అది. ఇంతకు మించి సరుకు ఎక్కించకూడదని చెబుతుంది. ఆ గుర్తు గురించిన 1966 అంతర్జాతీయ ఒప్పందం చేపల బోట్లకి వర్తించదు. మనం మాట్లాడేది రంగు గీత.

ఎర్రరంగు_డబ్బా:
ఇంత చర్చ ఎందుకో అర్థం కావట్లేదు. ఎర్రరంగు జానెడు పైకి వేసేయండి, గీత ఎక్కడున్నా పర్వాలేదు. ఎర్రరంగు నీళ్లపైన ఉంటే ఏమవుతుంది? అందులో రాగి ఉంది కనుక గాలి తగిలి పచ్చబడుతుంది, చూడ్డానికి బాగోదు, అంతే. ఎనామిల్ నీళ్లలో ఉంటే? పొక్కులొచ్చి ఊడుతుంది, దాని మీద గుల్ల పడుతుంది, డీజిలు తాగుతుంది. ఏ తప్పు చవకో చూసుకోండి.

సరంగు_వైజాగ్:
జానెడు పైకేస్తే గీతకి ఇంక పనేటి? నాను పొద్దున్నే జెట్టీ మీద నిలబడి ముందు సూసేది గీతే. నిన్నటికన్నా రెండు వేళ్ల మందం దిగితే అడుగున నీరు ఊరతాందని అర్థం. పంపు పెట్టకముందే తెలుస్తాది. మీరు గీతని పైకి తోసేస్తే ఆ కబురు నాకెవరు చెబుతారు?

ఎర్రరంగు_డబ్బా:
దానికి వెనకాల రెండు చిన్న గుర్తులు తెల్లరంగుతో వేసుకో అన్నా. రంగు గీతే కాపలాదారు కావాలా?

సరంగు_వైజాగ్:
సిన్న గుర్తు సీకట్లో కనపడదు. గీత కనపడతాది.

గీతలూ_రాతలూ:
లెక్క చెబుతాను, తర్వాత కొట్టుకోండి. నీటి మట్టంలో మీ బోటు 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అనుకుందాం. కొసలు సన్నబడతాయి కాబట్టి నీటిని తాకే వైశాల్యం 36 చదరపు మీటర్లు. ఉప్పునీళ్లలో ఇది ఒక సెంటీమీటరు దిగాలంటే 370 కిలోలు ఎక్కాలి. ఐసు, డీజిలు, మంచినీళ్లు, వలలు కలిపి ఎనిమిదిన్నర టన్నులు ఎక్కితే 23 సెంటీమీటర్లు. ఖాళీ బోటు గీతకీ వేటకి బయల్దేరిన రోజు గీతకీ తేడా అంత! జానెడన్నది ఊరికే అన్న మాట కాదు. అయితే ఐసు కరుగుతుంది, డీజిలు అయిపోతుంది, పూర్తి బరువుతో ఉండేది మొదటి రెండు రోజులే. నేనైతే ఖాళీ గీతకి 12, 15 సెంటీమీటర్ల పైన ఆపుతాను. గోదావరి మంచినీళ్లలో కడితే బోటు ఇంకాస్త దిగదా అని అడుగుతారేమో, తేడా రెండు సెంటీమీటర్ల లోపే.

ఒకటి మాత్రం మరవకండి. ఆ 15 సెంటీమీటర్లు నిలువుగా కొలవాలి, చెక్క వెంబడి టేపు వేసి కాదు. బోటు వెనక అడుగు బాగా వాలుగా ఉండే చోట, నేలకి 30 డిగ్రీల వాలైతే, నిలువు 15 అంటే చెక్క మీద 30. అందరూ చెక్క వెంబడి 15 కొలిచి, వెనక గీత కుంగినట్టుందేమిటని తలగోక్కుంటారు.

రసమట్టం:
ఇది మాత్రం నిజం. రెండేళ్ల కిందట నేనే గోక్కున్నాను.

ఉప్పుటేరు_కుర్రోడు:
అందరికీ థాంక్సండి. బోటు ఒడ్డునే ఉంది కాబట్టి నీళ్లలో కొలవలేను అనుకున్నా. రాత్రి ఫోను వెతికితే సంక్రాంతికి బోటుకి పూలదండలు కట్టినప్పటి ఫొటోలు దొరికాయి. ఐసు ఎక్కించింది మర్నాడే, కాబట్టి ఖాళీ బోటే. పెద్దది చేసి చూస్తే, ముక్కు దగ్గర నీళ్లు, పక్కల రాపిడి తట్టుకునే రబ్బింగ్ పట్టీ కింద మూడో పలక సందుని తాకుతున్నాయి, వెనక రెండో సందుకి బెత్తెడు కింద ఉన్నాయి. పొద్దున్నే వెళ్లి ఆ రెండు చోట్లా మేకుతో గీరాను. గొట్టం పెడితే ముక్కు గుర్తు మూడంగుళాలు ఎత్తున ఉంది. మేస్త్రి జాకీ పెట్టి దిమ్మ తీయిస్తున్నాడు.

సరంగు_వైజాగ్:
రెండు పక్కలా ఫొటో ఉందేటి?

ఉప్పుటేరు_కుర్రోడు:
ఒక పక్కే ఉంది అన్నా. రెండో పక్క జెట్టీ.

సరంగు_వైజాగ్:
అయితే దిగినాక మళ్లీ సూసుకో. ఐసు గది ఒక పక్కకి ఒరిగి ఉంటాది శానా బోట్లలో.

ఎర్రరంగు_డబ్బా:
ఇంతకీ ఎర్రరంగు ఎంత పైకి వేస్తున్నావు తమ్ముడూ?

ఉప్పుటేరు_కుర్రోడు:
బాబాయ్ జానెడు అన్నాడు, మేస్త్రి నాలుగు వేళ్లు అన్నాడు. నాన్న వచ్చి డబ్బా ఊపి చూసి, ఇందులో ఎంతుంటే అంత అన్నాడు.