ముందు గ్రూపు కదలకపోతే తప్పెవరిది?

భీమవరం_చెరువుగట్టు:
ఆదివారం గోల్ఫ్ ఆడదామని అర్ధరాత్రి దాటాక కారెక్కి విశాఖ వెళ్లాం. ముందున్న నలుగురి వల్ల 18 హోల్స్‌కి ఐదున్నర గంటలు. వాళ్ల ముందు రెండు హోల్స్ ఖాళీ! మమ్మల్ని వెళ్లనివ్వమంటే "మేమూ డబ్బు కట్టాం" అన్నారు. ఇంటికొచ్చేసరికి చీకటి. చెరువులో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆలస్యంగా తిరిగాయి, రొయ్య పైకి తేలింది. ఇదేం పద్ధతండీ?

కాకినాడ_రిటైర్డ్:
పద్ధతి కాదు. 2019లో రూల్స్ మారాయి. బంతి వెతకడానికి 3 నిమిషాలే. అడ్డు లేకపోతే 40 సెకన్లలో కొట్టమని సూచన కూడా ఉంది.

అమలాపురం_కొబ్బరితోట:
5 నిమిషాలండి. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నా.

కాకినాడ_రిటైర్డ్:
అది పాత లెక్క.

అమలాపురం_కొబ్బరితోట:
మొన్న కూడా క్యాడీ (కర్రలు మోసే అతను) ఐదే అన్నాడు.

పాలకొల్లు_ఇంజినీర్:
గ్రూపుకీ గ్రూపుకీ ఏడు నిమిషాలే తేడా ఇస్తే, పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) దగ్గర నలుగురు ఆడి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దిగడానికి పది నిమిషాలు పడితే, జనం పోగుపడరా? కాలవ తూము దగ్గర నీళ్లలాగే. ఆటగాళ్లనే తిడతారేం?

భీమవరం_చెరువుగట్టు:
ముందు రెండు హోల్స్ ఖాళీ అన్నాను కదండీ. తూము తెరిచే ఉంది. ఆట రానివాళ్లు ముందు నేర్చుకుని రావాలి.

తణుకు_కొత్తవాడు:
ఎక్కడ నేర్చుకోమంటారు? 18 హోల్స్‌కి వందెకరాలు దాటి కావాలి. మన వరిచేలల్లో, చెరువుల్లో ఎవరిస్తారు? నేనూ మీలాగే విశాఖ పోవాలి. మొన్న నా వెనక ఒకాయన గ్రీన్ దాకా "త్వరగా, త్వరగా" అని అరుస్తూనే ఉన్నాడు. చేతులు వణికాయి. మళ్లీ వెళ్లలేదు. మీక్కావలసింది వేగం కాదు, మేం రాకపోవడం.

భీమవరం_చెరువుగట్టు:
ఆ మాట అనకు తమ్ముడూ. మా నాన్న గోల్ఫ్ కర్ర కళ్లతో చూడలేదు. మొదటి ఏడాది నేనూ గడ్డే కొట్టాను. కానీ ఎనిమిదో దెబ్బకి బంతి జేబులో వేసుకుని తర్వాతి హోల్‌కి నడిచేవాణ్ణి. నీ ఆట మీద నాకు కోపం లేదు. పక్కకి జరగమంటే డబ్బు మాట ఎత్తినవాళ్ల మీదే.

తణుకు_కొత్తవాడు:
బంతి తీసేయొచ్చని నాకెవరూ చెప్పలేదండి.

కాకినాడ_రిటైర్డ్:
స్టేబుల్‌ఫోర్డ్ లెక్కన (హోల్‌కి ఇన్ని పాయింట్లని) ఆడు బాబూ. పాయింటు రాదని తేలిన హోల్‌లో బంతి తీసేయొచ్చు. సిద్ధంగా ఉన్నవాళ్లు ముందు కొట్టేయండి, గుంతకి ఎవరు దూరమో చూడక్కర్లేదు.

అమలాపురం_కొబ్బరితోట:
సరే, మూడే అనుకుందాం. బంతి పోయినప్పటి నుంచా, వెతకడం మొదలెట్టినప్పటి నుంచా?

కాకినాడ_రిటైర్డ్:
మీరో మీ క్యాడీయో వెతకడం మొదలెట్టినప్పటి నుంచి.

అమలాపురం_కొబ్బరితోట:
క్యాడీని ఇంకోసారి అడుగుతాను.