కూలింగ్ బ్యాగు లోపలి పొర చిరిగిపోయింది, లైనింగ్ ఒక్కటే మార్చి కుట్టుకోవచ్చా?

బరంపురం నుంచి అడుగుతున్నాను: అక్కలూ, గోపాలపూర్ నుంచి చేపలు తెచ్చుకోడానికి, ఇంట్లో పాల ప్యాకెట్లకీ మాకు ఒకటే కూలింగ్ బ్యాగు. పైన గుడ్డ, జిప్పు, పట్టీలు గట్టిగానే ఉన్నాయి గానీ లోపల వెండి రంగు పొర మడతల దగ్గర పగిలి రాలిపోతంది, ఐసు కరిగిన నీళ్ళు కిందికి దిగి ఫోముకి చేప వాసన పట్టీసింది. నా దగ్గర కాలితో తొక్కే మిషనుంది. బ్యాగు వెడల్పు 16 అంగుళాలు, ఎత్తు 14, అడుగు 6. పారేయబుద్ధి కావట్లేదు.

పర్లాకిమిడి: పారేయకు చెల్లీ, నేను ఇలాంటివి మూడు కుట్టేను. పాత లైనింగ్ జిప్పు పక్క నుంచి మెల్లిగా విప్పు, లాగి చింపీకు, దాని కొలత మనకి కావాలి. వాసన పట్టిన ఫోము ఎంత కడిగినా బాగవదు, తీసీ. వెండి పూత ఉన్న పల్చటి ఫోము షీటు కొని, వెడల్పు 22న్నర, పొడవు 36 అంగుళాలు ఒకటే ముక్కగా కొయ్యి. అడుగుకి వేరే ముక్క పెట్టొద్దు, అక్కడ కుట్టు పడితే సూది బెజ్జాల్లోంచి నీళ్ళు దిగుతాయి, నా మొదటి బ్యాగు అలాగే పోయింది. పొడవుని సగానికి మడిచి వెండి వైపులు ఎదురెదురుగా పెట్టి రెండు పక్కలా అర అంగుళం వదిలి కుట్టు. కింది మూలలు చాపి, 6 అంగుళాల అడ్డం వచ్చేలా ముక్కోణం చేసి, కుట్టకుండా బయటి వైపు పక్కకి మడిచి రెండువైపులా అంటుకునే టేపుతో అతికించీ. ఇప్పుడు తిరగేయకుండా అలాగే బ్యాగులోకి దింపీడమే, పైన ఒక అంగుళం మడతకి మిగులుతాది.

రాయగడ: ఒక మాట అమ్మా, గుండుసూదులు గుచ్చొద్దు, ఆ బెజ్జాలు మూసుకోవు, బట్టల క్లిప్పులు పెట్టు. కుట్టు 4 మిల్లీమీటర్లకి పెద్దది చెయ్యి, దగ్గర కుట్టు పడితే షీటు అక్కడే చిరుగుతాది. 16 నంబరు సూది, పాలిస్టర్ దారం, నూలు దారమైతే తడికి కుళ్ళిపోద్ది. మిషను పాదం షీటుకి పట్టుకుని కదలకపోతే మీద పల్చటి కాగితం పెట్టి కుట్టి తర్వాత చింపీ. ఇస్త్రీ మాత్రం తగలనీకు, కరిగిపోద్ది.

బరంపురం: కుట్టేనక్కా! సరిపోయింది. కానీ పక్క కుట్ల కింద కొంచెం తడి ఊరతంది, దానికేం చెయ్యాలి? జిప్పు దగ్గర మిషను కూడా వెళ్ళట్లేదు.

పర్లాకిమిడి: జిప్పు దగ్గర చేత్తోనే, పాత బెజ్జాల్లోనే దారం రెండు పేటలు వేసి కుట్టు, తొందరపడకు. తడికి, ఏసీ పనివాళ్ళు వాడే వెండి టేపు తీసుకుని కుట్టు మీద లోపలి వైపు కింద నుంచి నాలుగంగుళాలు అంటించు, ముందు బాగా తుడిచి ఆరనీ. అయినా కొంచెం ఊరుతాదేమో, ఐసుని మూతున్న డబ్బాలో వేసి పెట్టు, చేపని కూడా వేరే డబ్బాలోనే, షీటుకి తగలనీకు, అది తిండి వస్తువుల కోసం చేసింది కాదు. ఇంటికొచ్చాక తడి గుడ్డతో తుడిచి జిప్పు తెరిచి నీడలో బోర్లించు.