‘ది ఎక్స్‌పాన్స్’ చివరి నవలలో హోల్డెన్ నిర్ణయం సబబేనా?

ప్రశ్న:
2011లో మొదలైన ‘ది ఎక్స్‌పాన్స్’ సైన్స్ ఫిక్షన్ నవలల వరుసలో తొమ్మిదవది, చివరిది అయిన ‘లెవయథాన్ ఫాల్స్’ (2021) పూర్తి చేశాను. ముగింపును చర్చిస్తున్నాను కనుక చదవనివారు ఇక్కడే ఆగవలసిందిగా మనవి. 1,300కు పైగా నక్షత్ర వ్యవస్థలను కలిపిన వలయ ద్వారాలను కథానాయకుడు, నౌకా కెప్టెన్ హోల్డెన్ శాశ్వతంగా మూసివేయడం నాకు ఇంకా మింగుడుపడడం లేదు. తమ తిండి తాము పండించుకోలేని వలస గ్రహాల భవిష్యత్తును ఒక్క మనిషి తేల్చవచ్చునా?

మొదటి సమాధానం:
ఆయన ఎదుట మిగిలిన మరో దారి ఏమిటో కూడా చూడండి. ద్వారాల వెనుక ఉన్న అజ్ఞాత శక్తులు మానవజాతిని తుడిచిపెట్టాలని చూస్తుండగా, వాటిని ఎదిరించడానికి లకోనియా సామ్రాజ్యాధినేత డువార్టే ఎంచుకున్న మార్గం మనుషులందరినీ కలిపి ఒకే మనసుగా మార్చడం. అలా బతికి బట్టకట్టేది మనుషులని నేను ఒప్పుకోలేను. నిజాన్ని అందరి ముందు పెట్టి, నిర్ణయాన్ని వారికే వదిలేయాలని మొదటి నవల నుంచీ నమ్మిన హోల్డెన్, చివరకు అందరి తరఫునా తానొక్కడే నిర్ణయించవలసి రావడమే ఈ ముగింపులోని అసలు విషాదం. రచయితలు దానిని ఏమాత్రం తేలిక చేయలేదు.

రెండవ సమాధానం:
వెయ్యేళ్ల తరువాత ‘ముప్పై లోకాల’ నౌక భూమిని చేరే ఉపసంహారం నాకు ఎంతో నచ్చింది. అయితే తెగిపోయిన గ్రహాల బాధకు నవలలో తగినంత చోటు దక్కలేదన్నది నిజం. ఆ లోటును 2022లో వచ్చిన చిన్న నవల ‘ది సిన్స్ ఆఫ్ అవర్ ఫాదర్స్’ కొంత తీరుస్తుంది; ద్వారాలు మూసుకుపోయాక ఒంటరిగా మిగిలిన ఒక వలసలో హోల్డెన్ సహచరి నయోమి కుమారుడు ఫిలిప్ గడిపే జీవితమే దాని కథ. మీ ప్రశ్నకు దగ్గరి సమాధానం అందులో ఉంది, తప్పక చదవండి.