యుద్ధం నుంచి తెచ్చిన పిస్టల్, దాని కాగితం: కొని దాచుకోవడం సబబేనా?

ఒహాయో వాసి:
మా పక్కింటి పెద్దాయన మొన్న చలికాలంలో పోయారు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ దాకా వెళ్లొచ్చిన మనిషి. ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్లమ్మాయి (ఆవిడకీ డెబ్బై దాటాయి) నన్ను పిలిచారు. బేస్‌మెంట్‌లో ట్రంకుపెట్టె, అందులో ఉన్ని మేజోడులో చుట్టిన లూగర్ అనే జర్మన్ పిస్టల్. పైన ‘బి.వై.ఎఫ్.’ అనే గుర్తు, ‘42’ అనే అంకె. అంటే మౌజర్ ఫ్యాక్టరీలో 1942లో తయారైంది. తోలు కేసులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. శత్రువు నుంచి పట్టుకున్న ఈ వస్తువును సొంత ఆస్తిగా ఉంచుకోవచ్చని పైఅధికారి 1945లో పెట్టిన సంతకం.

మనవలు వద్దన్నారట. ఒక డీలరు వచ్చి, కాగితం విడిగా ఇస్తే దానికీ వేరే ధర కడతానన్నాడట. నాకు ఒళ్లు మండింది. ఆ రెండూ కలిసే ఉండాలని, అందుకోసమైనా నేను కొనుక్కోవాలని అనిపిస్తోంది. మీరేమంటారు?

గుంటూరు మాస్టారు:
వద్దు నాయనా. చేతులెత్తి నిలబడ్డవాడి నడుము నుంచి తీశారో, పడిపోయినవాడి మీద నుంచి తీశారో. అలాంటి దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుని వచ్చినవాళ్లకు చూపిస్తావా? జపాన్ సైనికులు తమవాళ్ల సంతకాలతో వెంట తీసుకెళ్లిన జెండాలను ఒరెగాన్‌లోని ఒబాన్ సొసైటీ వాళ్లు వెతికి వెతికి ఆ కుటుంబాలకు చేరుస్తున్నారు. చేయాల్సింది అలాంటి పని. లేదంటే మ్యూజియానికి ఇప్పించు.

ఒహాయో వాసి:
మాస్టారూ, జెండా సంగతి వేరండి. అది ఇంటివాళ్లు ఇచ్చుకున్నది. పిస్టల్ జర్మన్ సైన్యం ఇచ్చిన ఆయుధం. 1929 జెనీవా ఒప్పందం కూడా ఖైదీల సొంత వస్తువులు వాళ్ల దగ్గరే ఉండాలంటూ, ఆయుధాలను మాత్రం మినహాయించింది. వాచీలు, ఉంగరాలు లాక్కున్నవాళ్లూ ఉన్నారు, అది దోపిడీయే, కాదనను. ఈ కాగితం ఆ తేడాను పట్టిస్తుంది కాబట్టే నాకు అంత విలువగా కనిపిస్తోంది.

పాత ఇనుము (టెక్సాస్):
ఇరవై ఏళ్లుగా ఇవే సేకరిస్తున్నాను. ముందు ఒక్క మాట: మీరు హెచ్-1బి మీద ఉంటే దాన్ని ముట్టుకోకండి. అలాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేటకు లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉంటే ఆ అడ్డు లేదు. అమ్మేవాళ్లది వేరే రాష్ట్రమైతే లైసెన్సున్న డీలరు ద్వారానే చేతులు మారాలి. అదే మెషీన్‌గన్ అయ్యుంటే ఇంకా చిక్కు: రిజిస్టర్ చేయించుకోమని 1968లో నెల రోజులు గడువిచ్చారు, అప్పుడు చేయించనిది ఇవాళ ఇంట్లో దొరికితే నేరమే.

ఇక కాగితం. చాలావాటిలో ‘జర్మన్ పిస్టల్, 1’ అని మాత్రమే ఉంటుంది, సీరియల్ నంబరు ఉండదు. అందుకే ఒకరి కాగితం ఇంకొకరి పిస్టల్‌కు జతచేసి అమ్మేవాళ్లు తయారయ్యారు. కథను కాదు, తుపాకీని కొనాలని మా వాళ్లు ఊరికే అనరు. నంబరు చివరి రెండంకెలు చిన్న చిన్న భాగాల మీద కూడా కొట్టి ఉంటాయి, అవన్నీ కలుస్తున్నాయో లేదో చూడండి. తళతళలాడాలని పాలిష్ పట్టించారో, సగం చరిత్ర పోయినట్టే. అన్నిటికన్నా ముందు, లోపల తూటా ఉందేమో తెలిసినవాళ్ల చేత చూపించండి. ఉంటే పైన చిన్న పట్టీ లేచి పక్కన ‘గెలాడెన్’ (జర్మన్‌లో ‘తూటా నింపి ఉంది’ అని) అనే అక్షరాలు కనబడతాయి. కనబడకపోయినా నమ్మకండి, తీసి చూడాల్సిందే.

లెస్టర్ నుంచి:
1996లో స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో పిల్లల్ని కాల్చి చంపాక, ఇక్కడ బ్రిటన్‌లో మరుసటి ఏడాదే చేతి తుపాకులు నిషేధించారు. అంత కోపంలోనూ, 1946కు ముందు యుద్ధం నుంచి తెచ్చినవాటిని సర్టిఫికెట్ మీద, తూటాలు లేకుండా ఉంచుకోనిచ్చారు. నాకది సబబుగానే తోస్తుంది. వస్తువు ఉండాలి, పేలకూడదు. అన్నా, మీరూ తూటా కొననని ముందే మాట ఇచ్చేయండి.

గుంటూరు మాస్టారు:
అమ్మాయి చెప్పింది బాగుంది. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఆ కాగితంలో తెచ్చినవాడి పేరుంది, సంతకం పెట్టినవాడి పేరుంది. పోగొట్టుకున్నవాడి పేరేదీ?

ఒహాయో వాసి:
లేదు మాస్టారూ. ఈ రెండు రోజులూ ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. గ్రీన్‌కార్డు ఉంది, తూటా కొనను, ఆ రెండిటికీ పేచీ లేదు. నిన్న మళ్లీ వెళ్లి చూశాను. కాగితంలో నంబరు లేదు, టెక్సాస్ అన్న చెప్పినట్టే. కేసు మూత లోపల సిరాతో రెండు పొడి అక్షరాలున్నాయి, సగం చెరిగిపోయాయి. ఫొటో తీసుకున్నాను.

ఎవరిదని నాన్నగారు ఎప్పుడైనా చెప్పారా అని ఆవిడని అడిగాను. చెప్పలేదట. ఏడాదికోసారి వంటింటి బల్ల మీద పాతబట్ట పరిచి దానికి నూనె పట్టించేవారట, అప్పుడు లోపలికి ఎవర్నీ రానిచ్చేవారు కాదట. ఆ మాటే చేత్తో రాసివ్వమన్నాను. కొనేది నేనైనా, మ్యూజియమైనా, ఆ చీటీ కాగితంతో పాటే వెళ్తుంది. డీలరుకు మాత్రం విడిగా ఏదీ అమ్మనని ఆవిడ చెప్పేశారు.