షట్టర్ టీవీ, ఏళ్ల తరబడి కరెంటు చూడలేదు. యాడ మొదలుపెట్టాల?

చంద్రగిరి_కోట:
20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ సెట్టు. చెక్క బాడీ, పక్కకి జరిగే షట్టరు, నాలుగు కాళ్లు, మద్రాసు తయారీ. వెనక మూత తీస్తే కనిపించిన వాల్వులు: పీఎల్ 504, పీవై 88, డీవై 87, పీసీఎల్ 805, పీసీఎల్ 84, పీసీఎల్ 86, పీసీఎఫ్ 802. మిగతాదంతా ట్రాన్సిస్టర్లు. పిక్చర్ ట్యూబు మెడ పగల్లేదు, ఫ్యూజు బాగుండాది. పెద్ద కండెన్సరు డబ్బా మీద 200+200 మైక్రోఫారడ్, 350 వోల్టులు అని రాసుంది. ఒకసారి ప్లగ్గు పెట్టి చూడొచ్చా?

రేణిగుంట_రాస్టర్:
వద్దు సామీ. ఈ రకం సెట్టులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఛాసిస్సే, అంటే పార్టులు బిగించిన ఇనుప చట్రమే, మెయిన్స్‌లో ఒక వైరు. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్సు మొత్తం ఫేజు. నాబ్ ఊడిపోయి లోపలి ఇనుప కాడ బయట పడి ఉంటే అదీ ఫేజే. ముందు 230కి 230 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, కనీసం 250 వీఏది. వేరియాక్ ఉంది కదా అంటారు కొందరు. వేరియాక్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ మెయిన్స్ నుంచి విడదీయదు.

తర్వాత సీరీస్ బల్బు, అంటే సెట్టుకి పోయే వైరు మధ్యలో కట్టే బల్బు. సెట్టు మొత్తం 150 వాట్ల దరిదాపుల్లో తాగుతుంది. 100 వాట్ల బల్బుతో షార్టు ఉందో లేదో మాత్రమే తెలుస్తుంది, బొమ్మ వచ్చేంత వోల్టేజీ మిగలదు. ఆన్ చేయగానే బల్బు బాగా వెలిగి నెమ్మదిగా మందగిస్తే సరే. అట్లే వెలుగుతూ ఉంటే హెచ్‌టీ (వాల్వులకిచ్చే ఎక్కువ వోల్టేజీ డీసీ) లైనులో షార్టు, వెంటనే ఆపాల. మందగించాక 200 వాట్లకు మార్చుకోవచ్చు. బల్బంటే పాత ఫిలమెంటు బల్బే, ఎల్ఈడీ పనికిరాదు.

చిత్తూరు_వాల్వు:
బల్బు కూడా ఆ తర్వాతే అన్నా. ముందు ఆ డబ్బా కండెన్సరు సంగతి తేల్చాల.

చల్లగా ఉన్నప్పుడు వాల్వులు కరెంటు లాగవు కాబట్టి ఆన్ చేసిన మొదటి అర నిమిషం హెచ్‌టీ మెయిన్స్ పీక్ దాకా ఎక్కుతుంది. 230కి అది 325 వోల్టులు. రాత్రిపూట లైను 250కి పోయిందంటే 353. అంటే డబ్బా మీద రాసిన 350 దాటిపోయినట్టే. ఏళ్ల తరబడి పనిలేకుండా పడున్న ఎలక్ట్రోలైటిక్‌లో లోపలి ఆక్సైడు పొర పలచబడి ఉంటుంది, అంత వోల్టేజీ ఒక్కసారిగా ఇస్తే వేడెక్కి పేలుతుంది.

ఫార్మింగ్, అంటే కొద్దికొద్దిగా వోల్టేజీ ఇచ్చి ఆ పొరను తిరిగి కట్టించడం, చేయాలనుకుంటే సెట్టులోంచి వైర్లు విప్పేసి, ఒక్కో సగానికి 33 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టరు ద్వారా డీసీ ఇవ్వండి. 50 వోల్టులతో మొదలుపెట్టి అరగంటకో 50 పెంచుకుంటూ పోవాల. రెసిస్టరు మీద 33 వోల్టులు కనిపిస్తే లీకేజీ 1 మిల్లీ ఆంపు, అది నడుస్తుంది. 300 వోల్టుల దగ్గర కొన్ని గంటలు ఉంచినా రెసిస్టరు మీద 100 కంటే తగ్గకపోయినా, డబ్బా చేతికి వెచ్చగా తగిలినా దాన్ని వదిలేయండి. కొత్తవి 220 మైక్రోఫారడ్, 450 వోల్టులవి రెండు ఛాసిస్సు కింద కట్టి, పాత డబ్బాను చూపుకి పైన ఉంచుకోవచ్చు. దాని కాళ్లకు వైర్లు మాత్రం తగిలించకూడదు.

పలమనేరు_పాతసామాను:
ఫార్మింగ్ వృథా అని నా ఉద్దేశం. లీకేజీ తగ్గినంత మాత్రాన లోపల ఎండిన ద్రవం తిరిగి రాదు. బొమ్మలో హమ్ పట్టీ పైకీ కిందికీ పాకుతుంటే మళ్లీ విప్పాల్సిందే.

చిత్తూరు_వాల్వు:
మ్యూజియం సరుకులా ఒరిజినల్ పార్టులే ఉండాలనేవాళ్లకి ఫార్మింగ్. రోజూ చూడ్డానికైతే మీరన్నట్టు కొత్తదే. వేసేటప్పుడు మెయిన్స్‌ని డీసీగా మార్చే బీవై 127 డయోడును కూడా చూడండి, రెండు వైపులా మీటరు పలికితే షార్టు. దాని బదులు 1ఎన్ 5408 వేయండి. 1ఎన్ 4007 కూడా 1000 వోల్టులదే గానీ ఆన్ చేసినప్పుడు వచ్చే సర్జికి తట్టుకోవడం కష్టం.

కాళహస్తి_625:
హీటర్ల లెక్క చెప్తా. వాల్వు పేరులో మొదటి అక్షరం పీ అంటే 300 మిల్లీ ఆంపుల సీరీస్ హీటరు, అన్నీ ఒకదాని వెనక ఒకటి చైనులా కట్టి ఉంటాయి. పీవై 88కి 30 వోల్టులు, పీఎల్ 504కి 27, పీసీఎల్ 805కి 18, పీసీఎల్ 84కి 15, పీసీఎల్ 86కి 14, పీసీఎఫ్ 802కి 9, పిక్చర్ ట్యూబుకి 6.3. మొత్తం 119 దాకా. డీవై 87 ఈ లెక్కలో లేదు, దాని హీటరు ఈహెచ్‌టీ (పిక్చర్ ట్యూబుకి కిలోవోల్టులు ఇచ్చే) ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న చుట్టు నుంచి వస్తుంది.

మెయిన్స్ 230లో మిగిలిన 111 వోల్టులను కొన్ని సెట్లలో పెద్ద వైర్‌వౌండ్ రెసిస్టరు తింటుంది: 370 ఓమ్, 33 వాట్ల వేడి. కొన్నిట్లో హీటర్లకు ముందు ఒక డయోడు పెట్టి సగం సైకిల్ కోసేస్తారు. అప్పుడు చైనుకి అందేది 163 వోల్టులు, రెసిస్టరు 146 ఓమ్ ఉంటే చాలు. మీ సెట్టు ఏ రకమో ముందు చూసుకోండి. డయోడు రకమైతే ఆ డయోడు షార్టయినప్పుడు 300 మిల్లీ ఆంపులు కాస్తా 420 అవుతుంది, పిక్చర్ ట్యూబుతో సహా అన్ని హీటర్లకూ గండమే. ఇంకో మాట, డయోడు దాటిన వోల్టేజీని మామూలు మీటరు సరిగ్గా చూపదు, ఏసీ, డీసీ రెండూ కలిపి కొలిచే ట్రూ ఆర్ఎమ్ఎస్ మీటరు ఉండాల.

చంద్రగిరి_కోట:
ప్లగ్గు తీసి మీటరు పెట్టి చూస్తే హీటరు చైను ఓపెన్. ఒక్కో వాల్వు పీకి 4, 5 పిన్నుల మధ్య చూస్తే పీవై 88 పలకడం లేదు. ఒక పాత మెకానిక్ దగ్గర పీవై 81 ఉందంట. వేయొచ్చా?

కాళహస్తి_625:
వద్దు. పీవై 81 హీటరు 17 వోల్టులదే, మిగిలిన 13 వోల్టులు చైనులో మిగతావాటి మీద పడతాయి. రెసిస్టరు కలిపి సర్దినా 110 డిగ్రీల ట్యూబులో కిరణాన్ని పక్కకి తిప్పే లైన్ సర్క్యూట్‌కి అది చాలదు. పీవై 88నే వెతకండి. ఎక్కువగా చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో కంటే మూసేసిన రిపేరు షాపుల అట్టపెట్టెల్లో దొరుకుతాయి. కొనేముందు వాల్వు గాజు లోపలి వెండి పూత చూడండి. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి పోయినట్టు. మిగతావాటిలో పీసీఎల్ 805 బదులు పీసీఎల్ 85 నడుస్తుంది. డీవై 87 బదులు డీవై 86 వేయొద్దు. రెండూ లోపల ఒకటే గానీ, తేమలో గాజు మీద నిప్పురవ్వలు పాకకుండా 87కి పైన రసాయన పూత ఉంటుంది. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి ఆ తేడా తెలుస్తుంది.

రేణిగుంట_రాస్టర్:
వాల్వులు వెలిగాక మీ కళ్లు పీఎల్ 504 (లైన్ అవుట్‌పుట్ వాల్వు) మీదే ఉండాల. దాని ప్లేటు ఎర్రబడితే కొన్ని సెకన్లలో ఆఫ్ చేయండి, లేకపోతే వాల్వూ పోతుంది, ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. ఎర్రబడేది ఎక్కువగా డ్రైవ్ (గ్రిడ్డుకి రావాల్సిన సిగ్నలు) లేక. గ్రిడ్డు దగ్గర పదుల వోల్టుల మైనస్ ఉండాల. సున్నా ఉంటే పీసీఎఫ్ 802 ఆసిలేటరు ఆడటం లేదు, లేదా మధ్యలోని కప్లింగ్ కండెన్సరు పోయింది. మైనస్ బాగున్నా ఎర్రబడుతుంటే బూస్ట్ కండెన్సరు, ఆ తర్వాత యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే కాయిల్) షార్టు అనుమానించండి. ఒక తప్పుడు అలవాటు ఉండాది: పరీక్ష కోసం పీఎల్ 504 నెత్తిమీది టోపీ పీకేసి ఆన్ చేయడం. ప్లేటుకి కరెంటు అందకపోతే అంతా స్క్రీను గ్రిడ్డు మీద పడి అది మాడిపోతుంది.

ఆఫ్ చేసినా ట్యూబులో ఛార్జి నిలబడి ఉంటుంది. ఈ సైజు ట్యూబుకి 18 కిలోవోల్టుల దాకా ఉంటుంది. స్క్రూడ్రైవరుకి వైరు కట్టి, రెండో కొసను ట్యూబు బయటి నల్లపూతని తాకే ఎర్తు జడకి తగిలించి, యానోడు టోపీ కింద దూర్చండి. కొన్ని నిమిషాలాగి మళ్లీ చేయండి, ఛార్జి కొంత తిరిగి పుడుతుంది. ట్యూబును మెడ పట్టుకుని ఎత్తకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి.

పలమనేరు_పాతసామాను:
రాస్టరు (తెరనిండా వెలుగు గీతలు) వచ్చాక బొమ్మ అడుగున మడతపడితే, బొమ్మను నిలువుగా సాగదీసే పీసీఎల్ 805, దాని క్యాథోడ్ ఎలక్ట్రోలైటిక్, గ్రిడ్డు కప్లింగ్ కండెన్సరు, ఈ మూడే. మధ్యలో ఒక్క గీతే కనిపిస్తే బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి వెతకండి, లేదంటే ఫాస్ఫరు అక్కడే కాలిపోతుంది.

చిత్తూరు_వాల్వు:
బొమ్మ మసగ్గా ఉంటే హీటరు వోల్టేజీ పెంచమని ఎవరో ఒకరు చెప్తారు. నన్నడిగితే వద్దు. ట్యూబులో మిగిలిన ఎమిషన్ (క్యాథోడ్ ఎలక్ట్రాన్లు వదిలే సత్తా) కొన్నాళ్లలో ఊడ్చుకుపోతుంది. ముందు 20 నిమిషాలు వేడెక్కనివ్వండి, చాలా ట్యూబులు నెమ్మదిగా తేరుకుంటాయి. బొమ్మ కనపడకుండా తెల్లగా, బ్రైట్‌నెస్ తగ్గకుండా ఉంటే అది వేరే జబ్బు, హీటరు క్యాథోడ్‌కి తగులుకుంది. అప్పుడు ట్యూబు హీటరును చైనులోంచి తప్పించి ఆ చోట 22 ఓమ్, 5 వాట్ల రెసిస్టరు పెట్టి, ట్యూబుకి విడిగా 6.3 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వాలి. చుట్ల మధ్య కెపాసిటీ ఎక్కువున్న ట్రాన్స్‌ఫార్మరైతే బొమ్మ అంచులు పక్కకి పూసినట్టవుతాయి.

చంద్రగిరి_కోట:
పీవై 88 దొరికింది, రాస్టరు నిండా వచ్చింది, ధన్యవాదాలు. షట్టరు మాత్రం సగంలో బిగుసుకుంటాది. సిగ్నలుకి ఏం చేయాలి? ఫ్రీ డిష్ బాక్సు ఉంది.

పలమనేరు_పాతసామాను:
షట్టరు పట్టీల వెనక అతికించిన గుడ్డ చివికి ఉంటుంది. పట్టీలకు వెనక నంబర్లు వేసుకుని విప్పి, పాత జిగురు గీకేసి, పలచటి కాన్వాసు మీద ఫెవికాల్‌తో వరసగా అతికించండి. పట్టీల మధ్యకి జిగురు కారితే వంపు దగ్గర తిరగదు. గాడిలో కొవ్వొత్తి రుద్దండి, నూనె పూస్తే దుమ్ము పడుతుంది.

కాళహస్తి_625:
సిగ్నలుకి బాక్సు ఏవీ అవుట్ నుంచి మాడ్యులేటరు, అంటే ఆ బొమ్మనీ మాటనీ టీవీ ఛానెల్‌గా మార్చే డబ్బా. అయితే ఏ మాడ్యులేటరైనా చాలదు. మీది వీహెచ్ఎఫ్ టర్రెట్ ట్యూనరు, యూహెచ్ఎఫ్ మాడ్యులేటరుని అది పట్టదు. సౌండు 5.5 మెగాహెర్ట్జ్ మీద ఉండాల, 4.5దో 6.5దో అయితే బొమ్మొచ్చి మాట రాదు. పాత కేబుల్ ఆపరేటర్లు తీసేసిన ఒక్కో ఛానెల్ మాడ్యులేటర్లు దీనికి భేషుగ్గా సరిపోతాయి. కొనేముందు ట్యూనరు మూత తీసి టర్రెట్ డ్రమ్ములో ఏ ఛానెళ్ల కాయిల్ పట్టీలు ఉన్నాయో చూడండి, అన్ని అరలూ నిండి ఉండవు. పట్టీ లేని ఛానెల్‌కి మాడ్యులేటరు తెస్తే దండగ. కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి, గరుకు కాగితం పెడితే వెండి పూత పోతుంది.

ఆ మాడ్యులేటర్ల అవుట్‌పుట్ 100 డెసిబెల్ మైక్రోవోల్టు దరిదాపుల్లో ఉంటుంది, టీవీకి 60 నుంచి 75 చాలు. మధ్యలో 30 డెసిబెల్ అటెన్యుయేటరు పెట్టకపోతే బొమ్మ నెగటివ్‌లా తిరగబడి, సౌండులో బర్రుమంటుంది. కేబులు 75 ఓమ్, సెట్టు వెనక స్క్రూలు 300 ఓమ్ కాబట్టి పాత యాంటెన్నాలకు వాడిన చిన్న బాలన్ తగిలించండి. యాంటెన్నా సాకెట్టు వెనకున్న ఐసోలేషన్ కండెన్సర్లు రెండిటినీ వై 1 క్లాసువి (మెయిన్స్ భద్రత కోసం చేసినవి) వేసి మార్చేయండి. అవి లీకైతే ఛాసిస్సు ఫేజు కేబులు షీల్డు మీదుగా డిష్ దాకా పోతుంది.