నోటిపూత మూడు నెలలుగా తగ్గట్లేదు, ఇప్పుడు వీపు మీద పొక్కులు

పలాస కోడలు:
మా అత్తయ్యకి 52 ఏళ్లు. జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్తారు. మూడు నెలల కిందట నోరంతా పూసింది. వేడి చేసిందనుకుని బీ కాంప్లెక్స్ వేశాం, మజ్జిగ తాగించాం. తగ్గలేదు. చోడి అంబలి దిగాలన్నా మంటే. ఇప్పుడు ఛాతీ మీద, వీపు మీద నీటి పొక్కులు. జీడి రసం పడిందని అందరూ అంటున్నారు. నిజమేనా?

బొబ్బిలి తమ్ముడు:
అక్కా, జీడి రసమైతే తగిలిన చోటే పొక్కుతుంది. నోట్లోకి ఎలా వస్తుంది? మా అన్నయ్యకీ ఇలాగే నోటితోనే మొదలైంది. పొక్కు వదులుగా ఉండేది, చొక్కా విప్పుతుంటేనే చితికిపోయి కింద పచ్చి పుండు తేలేది. దుప్పటి ఒంటికి అంటుకుపోతుంటే అరటాకులు పరిచి పడుకోబెట్టేవాళ్లం. సర్పి అనుకుని ఎర్రమట్టి పూయించి నాలుగు నెలలు పోగొట్టుకున్నాం. సర్పి ఒంటికి ఒక పక్కనే పట్టీలా వస్తుందని అప్పుడు తెలీదు. చివరికి పెంఫిగస్ వల్గారిస్ అని తేలింది.

శ్రీకాకుళం నర్సు:
పెంఫిగస్‌లో, చర్మ కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్ మీద మన రోగనిరోధక శక్తే దాడి చేస్తుంది. అందుకే పొక్కు నిలవదు. అంటువ్యాధి కాదమ్మా, అత్తయ్య కంచం, గ్లాసు వేరు పెట్టకండి. బయాప్సీకి కొత్త పొక్కు అంచు నుంచి ఒక ముక్క, పక్కన బాగున్న చర్మం నుంచి ఇంకో ముక్క తీస్తారు. రెండోది ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకి, అంటే చర్మంలో ఆ దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూడ్డానికి. దాన్ని మామూలు బయాప్సీ ముక్కలు నిల్వ ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేస్తే పనికిరాదు, ముందే అడగండి. పెంఫిగస్‌లోనే ఫోలియేసియస్ అని ఇంకో రకం ఉంది. అందులో నోరు బాగానే ఉంటుంది. తల, ముఖం, ఛాతీ మీద పొలుసులు లేస్తాయి, చుండ్రు అనుకుంటారు.

గరివిడి:
మా నాన్నగారికి 74. ఆయనకి ముందు నెలల తరబడి దురద, తర్వాత బిగువైన పొక్కులు. ఒక పట్టాన పగిలేవి కావు. నోట్లో ఏమీ లేదు. పెంఫిగస్ కాదు, బుల్లస్ పెంఫిగాయిడ్ అనే వేరే పొక్కుల జబ్బు అన్నారు.

బొబ్బిలి తమ్ముడు:
అన్నయ్యకి నెలకి మూడు రోజులు డెక్సామెథసోన్ పల్స్, అంటే స్టెరాయిడ్ పెద్ద మోతాదులో ఎక్కించారు. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రీచా మొదలుపెట్టిన పద్ధతట. ఇప్పుడు రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ కూడా ఇస్తున్నారు. స్టెరాయిడ్ మాత్రం తగ్గింది కదా అని సొంతంగా ఆపకండి అక్కా. మేము ఆపాం, మళ్లీ ఒళ్లంతా లేచింది.

పలాస కోడలు:
రేపు పొద్దున్న రైలుకి విశాఖ బయల్దేరుతున్నాం. ఇవాళ భుజం మీద ఒకటి కొత్తగా లేచింది. చిదమకుండా మెత్తని పాత చీర ముక్క కప్పి ఉంచాను.